వదిన పెట్టిన పథ్యం

పేగు మళ్ళీ కలుపుతామని డాక్టరుగారు అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను. నా చిన్నపేగు కొస ఇప్పుడు పొట్టకి కుడిపక్కన బయటికి తీసి కుట్టి ఉంది. దాని మీద ఒక సంచీ అంటించి ఉంది. తిన్నదంతా ఆ సంచీలోకే వస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియదు, ఆపుకోవడం నా వల్ల కాదు. లోపలి పుండు మానాక ఇంకోసారి పొట్ట కోసి, ఆ కొసని లోపలి పేగుతో కలిపి మూసేస్తారట. అప్పుడు ఈ సంచీ ఉండదు. అందరిలాగే దొడ్డికి వెళ్ళి వస్తాను. ఈ వయసులో నేను ఇంతకంటే అడిగేది ఏమీ లేదు.

నాకు సంతకం మట్టుకు వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నేను మాట్లాడినట్టే రాస్తే బాగుండదని కొంచెం సర్ది రాస్తోంది. సిగ్గుపడే మాట వచ్చినచోట ఆగి నా మొహంలోకి చూస్తోంది. రాయవే, అంటున్నాను. ఆసుపత్రిలో అంతమంది చూశాక ఇంకా సిగ్గేమిటి.

మాది ఫరంపేట, కాకినాడకి బస్సులో వెళ్ళాలి. మా ఆయన కామెర్లతో పోయినప్పటి నుంచి నేను మార్కెట్లో చేపలు కోసేదాన్ని. అమ్మేదాన్ని కాదు. కొనుక్కున్నవాళ్ళు తెచ్చి నా ముందు పెడితే పొలుసు గీసి, మొప్పలు పీకి, పొట్ట చీల్చి, ముక్కలు చేసి ఇవ్వడం నా పని. గొంతుక్కూర్చుని, కత్తిపీట చెక్క మీద ఒక కాలు అదిమిపెట్టి, పొద్దున్నే మొదలెడితే ఎండెక్కేదాకా లేచేది లేదు. కట్ల, శీలావతి, పండుగప్ప, ఏది వస్తే అది. కొరమీనైతే చేతిలో నిలవదు, బూడిద పట్టించి పట్టుకోవాలి. పొట్టలో వేలు పెట్టి ఒక్క లాగు లాగితే పేగులన్నీ గుత్తిలా ఊడొస్తాయి. వాటిని పక్కనున్న బకెట్లోకి విసిరేసేదాన్ని. ఏనాడూ వాటివంక తేరిపార చూసింది లేదు.

ఆ వేసవిలో జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్ళీ రావడం. మందుల షాపులో బిళ్లలు అడిగి మింగుతూ పనికి వెళ్ళాను. ఒకరోజు ఎవరిదో శీలావతి కోస్తున్నాను, తల తీశాను, నడుం దగ్గర తెగ్గొట్టాను, అంతే. నా పొట్టలో ఏదో తెగినట్టయింది. కత్తిపీట పక్కనే ఒరిగిపోయాను. నా పక్క పీట మీద కోసే ఆమె అరుపు వినిపించింది. ఆటోలో ఎక్కించడం తెలుసు. కాకినాడ ఆసుపత్రి మెట్లు తెలుసు. ఆ తర్వాత ఏమీ తెలియదు.

ఆ జ్వరమే ముదిరి పేగుకి చిల్లు పడిందట. పొట్టంతా పాడైపోయిందట. మెలకువ వచ్చేసరికి పక్కన మా అమ్మాయి ఉంది. చెయ్యి పొట్ట మీదికి పోబోతే పట్టుకుంది.

"ఇప్పుడు చూడకమ్మా."

"ఏటే అది, తడితడిగా?"

"టెంపరరీ అమ్మా. కొన్నాళ్ళే. మళ్ళీ తీసేస్తారు."

చూడొద్దంటే చూడకుండా ఎలా ఉంటాను. మర్నాడు నర్సు సంచీ మార్చడానికి వచ్చినప్పుడు తలెత్తి చూశాను. ఎర్రగా, తడిగా, మొగ్గలా ఒకటి నా పొట్టలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది. "ఇలా ఎర్రగా ఉంటేనే మంచిదమ్మా, నల్లబడితే చెప్పాలి" అంది నర్సు. నేను విసిరేసిన గుత్తులన్నీ గుర్తొచ్చాయి. చచ్చిన చేపకి తెలియదు. నాకు తెలుస్తోంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు మా అందరి ఎదుటే చెప్పారు. "పథ్యం ఏమీ లేదమ్మా. మెత్తగా వండుకుని, బాగా నమిలి, అన్నీ తినండి. నీళ్ళు బాగా తాగండి. బలం వస్తే పేగు కలుపుదాం." ఆయ్ అలాగేనండి, అన్నాం. అన్నది నేనూ, మా వదినా.

మా వదిన అంటే మా ఆయన అక్కగారు. ఆవిడా నాలాగే పసుపు కుంకుమలు పోగొట్టుకున్న మనిషి. తమ్ముడు పోయాక నా దగ్గరికి వచ్చేసి, అప్పటి నుంచి వంటిల్లు తన చేతుల్లోకి తీసుకుంది. నేను మార్కెట్టు, ఆవిడ ఇల్లు. నోరు పెద్దది. మనసు అంతకంటే పెద్దదని నేను ఎవరితో చెప్పినా, "నా ఎనకాల నా గురించి ఏటో సెప్తన్నావ్" అని గొడవకొస్తుంది.

ఆసుపత్రి గుమ్మం దాటామో లేదో అంది.

"వాళ్ళు అలాగే అంటారే. అన్నీ తినమంటారు. కుట్లకి చీము పడితే వాళ్ళ ఒంటికి పడుద్దా, నీ ఒంటికి పడుద్దా?"

మా ఇళ్ళల్లో కోత పడిన ఒంటికి ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పప్పు తింటే చీము. గుడ్డు తింటే చీము. చేప తింటే దురద. వంకాయ, గోంగూర, దుంపకూరలు అసలే కూడదు. పాత బియ్యం అన్నం, బీరకాయ కూర, వెల్లుల్లికారం, ఎప్పటిదో జాడీలోని పాత చింతకాయ పచ్చడి, మిరియాల చారు. మా పురుళ్ళకి ఇదే పెట్టారు. మా ఆయనకి కాలు విరిగి కుట్లు పడితే ఇదే పెట్టాం. దీనికి డాక్టర్ని అడిగేదేముంది.

ఇంటికొచ్చాక నా బతుకంతా ఆ సంచీ చుట్టూనే తిరిగింది. ఒంటికి అంటుకునే గుండ్రటి అట్ట ఒకటి ఉంటుంది, దాని మధ్యలో కత్తెరతో పేగు మొనకి సరిపోయేలా కన్నం కత్తిరించాలి. కన్నం పెద్దదైతే పక్కనుంచి కారి చర్మం కాలిపోతుంది. చిన్నదైతే మొన ఒరుసుకుంటుంది. చిన్నపేగులోంచి వచ్చేది నీళ్ళలా ఉంటుంది, ఒంటిమీద పడితే ఎండుమిరపకాయ నూరి రాసినట్టే. మా అమ్మాయి ఉండేది అగ్రహారంలో, బట్టల షాపులో పని. పొద్దున్నే బండి మీద వచ్చి, కడిగి, పౌడరు జల్లి, అట్ట అంటించి, పనికి వెళ్ళేది. చిన్నప్పుడు దాని ముడ్డి కడిగిన నా చేతులు చూసుకుంటూ పడుకునేదాన్ని. "అలా చూడకమ్మా" అనేది.

చీర కట్టడానికి లేదు. లంగా బొందు సరిగ్గా దాని మీదే పడుతుంది. ఏనాడూ గుమ్మం బయట నైటీతో నిలబడని దాన్ని, ఇప్పుడు పొద్దస్తమానం నైటీయే. గొంతుక్కూర్చుంటే తొడ వచ్చి సంచీని నొక్కుతుంది. అలా కూర్చోలేనిదానికి కత్తిపీటతో పనేముంది. దేవుడి గూడు దగ్గరికి వెళ్ళడం మానేశాను. ఒంటి మీద ఎప్పుడూ మురికి మోస్తూ దీపం ఎలా పెట్టను? వదిన పెడుతుంటే దూరం నుంచి దణ్ణం పెట్టుకునేదాన్ని.

అన్నిటికంటే కష్టం దాని చప్పుడు. పక్కింటివాళ్ళు పలకరించడానికి వచ్చి కూర్చుంటారు. పాపం ఎలా ఉందమ్మా అని అడుగుతుంటారు. ఇంతలో నైటీ కింద బుడబుడమంటుంది. అందరూ గోడవంక చూస్తారు. మావాళ్ళు మంచివాళ్ళు, ఎవరూ నవ్వరు. నవ్వినా బాగుండేది. వదిన గబగబా లేచి అగరొత్తులు వెలిగిస్తుంది. వాసన రాకపోయినా వెలిగిస్తుంది. ఆ పొగ చూస్తే వచ్చినవాళ్ళకి వాసన వచ్చినట్టే అనిపిస్తుంది కాబోలు, లేచి వెళ్ళిపోతారు.

అలాంటి ఒకరోజే నాకు ఒక సంగతి తెలిసింది. ముందురోజు ఒంట్లో బాగోక సరిగ్గా తినలేదు. ఆ రోజు సంచీ పలచగా, ఒంటికి అతుక్కుని, ఉందో లేదో తెలియనట్టుంది. చప్పుడు లేదు. కారడం లేదు. చర్మం మండడం లేదు. మా అమ్మాయి వచ్చి, "ఈరోజు బాగుందమ్మా, మార్చక్కర్లేదు" అని సంతోషంగా వెళ్ళిపోయింది.

తినకపోతే నిండదు. అంత చిన్న సంగతి.

అప్పటి నుంచి వదిన పథ్యం నాకు చాటు అయింది. ఆవిడ పప్పు పెట్టననేది, నేను అడిగేదాన్ని కాదు. ఆవిడ పెట్టిన బీరకాయ అన్నంలో కూడా సగం పెరటి గుమ్మంలోకి వచ్చే కుక్కకి పెట్టేసేదాన్ని. ఎవరైనా వస్తారంటే ఆ పూట మానేసేదాన్ని. కాకినాడ బస్సెక్కాలంటే ముందురోజు నుంచీ మానేసేదాన్ని. బస్సులో నిండిపోతే ఎక్కడికి పోను? చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని కింద ఈ సంచీని చేత్తో తడుముకుంటూ, ఆ దారంతా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.

నా పక్క పీట మీద కోసే ఆమె ఒకరోజు నన్ను చూడ్డానికి వచ్చింది. నాకంటే చిన్నది, అక్కా అంటుంది. మార్కెట్టు నుంచి నేరుగా వచ్చింది, చేతుల మీద ఇంకా పొలుసులు మెరుస్తున్నాయి. కవర్లో కొరమీను ముక్కలు. తనే కోసి కడిగి తెచ్చింది. వదిన గుమ్మంలోనే అడ్డుకుంది.

"ఏటది?"

"కొరమీను పెద్దమ్మా. అక్కకి."

"ఒట్టుకుపో. పత్తెంలో ఉన్నదానికి చేప తెత్తావా? నీకు బుద్దుందా?"

"చేపలు కోసేదానికి చేప పెట్టకపోతే ఎలాగ పెద్దమ్మా? కొరమీను బలం. బాలింతలకే పెడతారు."

"ఇది బాలింతేటి? ఇదేం కన్నదని? సంచీని కన్నది!"

ముందు నాకే నవ్వొచ్చింది. నేను నవ్వితే ఆమె నవ్వింది, వదిన కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వితే కుట్లు లాగి పొట్ట పట్టుకున్నాను. అన్ని నెలల్లో నేను నవ్వింది ఆ ఒక్కసారే. ఆమె నా దగ్గర కూర్చుని మార్కెట్టు కబుర్లు చెప్పింది. "నీ చోట్లో ఎవర్నీ కూర్చోనివ్వట్లేదక్కా. నా బకెట్టు ఎట్టి ఉంచాను" అంది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఏటక్కా, గాజులు మోచేతికెళ్ళిపోతన్నాయ్" అంది. మట్టిగాజులు కావు, మా ఆయన పోయాక వేసుకున్న రెండు సన్నటి లోహపు గాజులు. నిజమే, పైకెత్తితే మోచేతిదాకా జారిపోతున్నాయి. కొరమీను కవరు ఆమె చేతిలోనే తిరిగి వెళ్ళిపోయింది.

మొదటిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు, "అన్నీ తింటున్నారా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్. తింటన్నానండి."

గది బయట జనం నిలబడి ఉన్నారు. ఆయన ఇంకేమీ అడగలేదు. ఈసారి వచ్చినప్పుడు పరీక్షలు చేసి ఆపరేషన్ సంగతి చూద్దామన్నారు. ఆ మాటతో మేం ఎగురుకుంటూ వచ్చాం. వదిన అయితే ఇంటికి రాగానే మా అమ్మాయితో, ఆపరేషన్ అయ్యాక అమ్మకి కట్టించే చీర ఏ రంగుదైతే బాగుంటుందో మీ షాపులో చూసి పెట్టమంది. నేను మంచం కింద నుంచి కత్తిపీట తీసి, తుప్పు గీకి, నూనె రాసి మళ్ళీ గోనెపట్టాలో చుట్టి పెట్టాను. నిలబడే చేశాను ఆ పని.

రెండోసారి వెళ్ళేటప్పుడు మా అమ్మాయి కూడా సెలవు పెట్టి వచ్చింది. రక్తం తీసుకున్నారు. బరువు చూశారు. కాగితాలన్నీ చూసి డాక్టరుగారు నా వంక చూశారు. కళ్ళ కింద రెప్ప లాగి చూశారు. కాలి చీలమండ దగ్గర వేలితో నొక్కారు. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయింది.

"రక్తం బాగా తక్కువగా ఉందమ్మా. ఒంట్లో ప్రొటీన్ లేదు. ఆపరేషన్ అప్పటికంటే చిక్కిపోయారు. అసలేం తింటున్నారు?"

నేను నోరు తెరిచేలోపు వదిన ముందుకొచ్చింది. ఆ క్షణం కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నట్టు వచ్చింది.

"నే సెప్తానండి డాక్టరుగారండి. దీని పత్తెం అంతా నేనే సూసుకుంటన్నానండి. పప్పు ముట్టనివ్వలేదండి. గుడ్డు లేదు, చేప లేదు. వంకాయ గుమ్మం తొక్కనివ్వలేదండి. చేపలు కోసేదండి ఇది, అయినా చేపముల్లు నాలిక్కి తగలనివ్వలేదు. పాత బియ్యం, బీరకాయ, చింతకాయ పచ్చడి, అంతేనండి. కుట్లు మీరే సూడండి. సుక్క చీము లేదు."

చెప్పి, కొంగు సర్దుకుని నిలబడింది. ఆయన మెచ్చుకుంటారని చూస్తోంది.

డాక్టరుగారు కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. వేసి ఉంటే మా వదిన తిరిగి ఒక మాట అనేదేమో, ఆవిడకి కొంచెం ఊరటగా ఉండేదేమో. ఆయన మెల్లగా చెప్పారు.

"పైన కుట్లు మానాయమ్మా. చక్కగా మానాయి. ఇప్పుడు లోపల పేగుకి పేగు కలిపి కుట్టాలి. ఆ అతుకు పట్టాలంటే పప్పు కావాలి, గుడ్డు కావాలి, చేప కావాలి. మీరు మానిపించినవే కావాలి. ఈ ఒంటికి ఇప్పుడు కుడితే అతుకు ఊడిపోతుంది. ఊడిపోతే మళ్ళీ మొదటికి వస్తాం. ప్రాణం మీదికి కూడా రావచ్చు. నేను చెయ్యను."

"మరెప్పుడండీ?" అన్నాను.

"బలం వచ్చాక."

"ఎప్పటికొత్తదండీ?"

"అది మీరు తినేదాన్ని బట్టి ఉంటుందమ్మా. చెప్పలేను."

బయటికి వచ్చాక మా అమ్మాయి ఆగలేకపోయింది. వరండాలో అందరూ చూస్తుండగానే, "ఆయన చెప్పాడా లేదా అత్తా, అన్నీ తినమని? చెప్పాడా లేదా?" అని అరిచింది. "ఊరుకోవే" అన్నాను. అంత నోరున్న వదిన బెంచీ మీద కూర్చుని, చేతిసంచీలోంచి నా కోసం తెచ్చిన అన్నం డబ్బా తీసి, దాని మూతవంక చూస్తూ ఉండిపోయింది. అందులో ఏముందో ముగ్గురికీ తెలుసు.

బస్సులో నేనూ ఆవిడా పక్కపక్కన కూర్చున్నాం. మా అమ్మాయి వెనక సీట్లో కిటికీ వంక తిరిగి కూర్చుంది. కాకినాడ దాటాక వదిన మొదలుపెట్టింది.

"మా అమ్మ అందరికీ ఇలాగే ఎట్టింది. నా పురుళ్ళకీ ఇదే. తమ్ముడికి కాలు ఇరిగినప్పుడూ ఇదే. ఎవరికీ ఏటీ అవలేదే."

"నీదేం లేదు వదినా."

"నాది కాకపోతే ఎవరిది?"

ఇంక చెప్పకుండా ఉండలేకపోయాను. "నువ్వు పప్పు ఎట్టినా నే తినేదాన్ని కాదు. తింటే సంచీ నిండుద్ది. నువ్వెట్టిన బీరకాయ కూడా సగం కుక్కకే ఎట్టేదాన్ని."

వదిన నావైపు తిరిగింది. కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో తెలియలేదు.

"ఏ కుక్కకి?"

"పెరట్లోకొచ్చే గోధుమరంగుది."

"అదా! ఎంత బలిసిందో సూసేవా అది?" అంది. అని, ఇద్దరం నవ్వబోయాం. కానీ నవ్వు రాలేదు. బస్సు కుదుపుకి నా చెయ్యి సంచీ మీదికి పోయింది. ముందురోజు నుంచి తినలేదు కదా, ఖాళీగానే ఉంది. ఎప్పుడూ అలా ఉంటే హాయి అనుకునేదాన్ని. ఆ రోజు ఆ పలచటి సంచీని తడిమితే భయమేసింది. ఎటు పోను? తినకపోతే పేగు కలపరు. తింటే ఇది నిండుతుంది, పొంగుతుంది, కారుతుంది, ఒళ్ళు కాలుతుంది. రెండు వైపులా నేనే ఉన్నాను, రెండూ నా చేతుల్లో లేవు.

మర్నాడు పొద్దున్నే వదిన ఎక్కడికో వెళ్ళింది. చెప్పకుండా వెళ్ళింది. ఎండెక్కాక వచ్చింది, చేతిలో కవరుతో. ఆవిడ ఇన్నేళ్ళలో చేపల మార్కెట్టు గడప తొక్కిన మనిషి కాదు. చేప తెచ్చేదాన్ని నేను కదా. మార్కెట్లో నా పక్కామె ఆవిణ్ణి చూసి, "ఏటి పెద్దమ్మా, బాలింతకా?" అని అడిగిందట. ఆ మాట చెబుతూ కవరు వంటింట్లో విసురుగా పెట్టింది. లోపలంతా కొరమీను ముక్కలు. పొయ్యి మీద ఒకపక్క పప్పు, ఒకపక్క పులుసు. ఆ ఇంట్లో చేపల పులుసు వాసన వచ్చి ఎన్నాళ్ళయిందో. నోరూరుతోంది. చెయ్యి సంచీ మీదికి పోతోంది.

కంచంలో పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నేను ముల్లు తీసుకుంటూ, నమిలి నమిలి, తిన్నాను. ఉప్పు సరిపోయింది, పులుపు కొంచెం తగ్గింది, అన్ని రోజుల తర్వాత తిండి నాకు రుచిగా అనిపించింది. కంచం ఖాళీ అయ్యేదాకా వదిన లేవలేదు.

తిన్న కాసేపటికే మొదలైంది. ముందు చప్పుడు, తర్వాత వెచ్చదనం, తర్వాత బరువు. ఖాళీ చేద్దామని లేస్తుండగానే అట్ట ఒకపక్క లేచిపోయింది. నైటీ తడిసింది. కాళ్ళ వెంట కారింది. బాత్రూంలో గోడ పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మాయి పనిలో ఉంది, పిలిచినా వచ్చే వీల్లేదు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి సంచీకి, కత్తెర పట్టడానికి ఇంకో చెయ్యి లేదు.

"వదినా" అని పిలిచాను.

అన్నాళ్ళలో ఆవిడ దాన్ని చూడలేదు. నా వంటంతా ఆవిడదే, కానీ సంచీ మార్చేటప్పుడు ఆ దరిదాపులకి వచ్చేది కాదు. వచ్చి గుమ్మంలో ఆగింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. లోపలికి వచ్చి, నేను కూర్చోడానికి స్టూలు జరిపి, గోరువెచ్చని నీళ్ళతో కడిగింది. కడుగుతూ ఆగిపోయింది.

"ఏమే, ఇది కదుల్తందే!"

"ఎప్పుడూ కదుల్తానే ఉంటది వదినా."

"నొప్పెడతదా ముట్టుకుంటే?"

"దానికి నొప్పి ఉండదు. చుట్టూరా నాకే."

చర్మం ఎర్రగా ఉడికిపోయి ఉంది. ఆవిడ ఉఫ్ ఉఫ్ అని ఊదింది, చిన్నపిల్లల మోకాలికి ఊదినట్టు. నేను చెబుతుంటే పౌడరు జల్లింది, కన్నం కత్తిరించింది. మొదటిది వంకరగా వచ్చింది, పారేసి రెండోది కత్తిరించింది. అట్ట అంటించి అరచేయి దాని మీద ఒత్తిపెట్టి ఉంచింది. ఒంటి వేడికి బంక పట్టాలి, అందుకని ఒత్తి ఉంచాలని నేనే చెప్పాను. చాలాసేపు అలాగే ఉంచింది, ఇంక తియ్యొచ్చన్నా తియ్యలేదు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

అప్పటి నుంచి ఇదే వరస. ఆవిడ పెడుతుంది, నేను తింటాను, అది నిండుతుంది, ఇద్దరం బాత్రూంలోకి వెళతాం. అన్ని రోజులూ కారదు. కొన్ని రోజులు కారుతుంది. ఒక్కోరోజు కంచం చూడగానే ఏడుపు వస్తుంది, చేతిలో ముద్ద చేతిలోనే ఉంటుంది. వదిన అప్పుడు తిట్టదు. పెరటి గుమ్మం తలుపు మాత్రం లేచి గడియ పెట్టి వస్తుంది. మందుల షాపులో బరువు చూసే మిషన్ మీద నిలబడితే ఒకసారి పెరిగినట్టుంటుంది, ఇంకోసారి అలాగే ఉంటుంది. ఆ ముల్లుకి నేనేం చెప్పగలను? గాజులు ఇంకా జారుతూనే ఉన్నాయి, కాకపోతే మోచేతిదాకా పోవడం లేదని మా అమ్మాయి అంటుంది. నన్ను సంతోషపెట్టడానికి అంటుందో, నిజమో. మళ్ళీ కాకినాడ వెళ్ళాలి. రక్తం తీసుకుంటారు. ఆయన చూసి చెబుతారు, అవుననో కాదనో. నేను చెయ్యగలిగింది తినడమొక్కటే. ఒంటికి పట్టడం, పట్టకపోవడం ఒంటి ఇష్టం.

ఇదిగో, ఇది రాయిస్తుండగానే వదిన కంచం తెచ్చి పెట్టింది. ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు, రొయ్యలు వేసిన కూర.

"ఏం కూర వదినా?"

"సొరకాయలో రొయ్యలు."

"వంకాయలో వేస్తే బాగుండేది."

"అదొక్కటీ అడక్కు. డాక్టరు అన్నీ సెప్పాడు గానీ వంకాయ పేరెత్తలేదు. ఆ ఆపరేషనేదో అయ్యాక ఎడతాను. తిను."

మా అమ్మాయి రాయడం ఆపి నవ్వుతోంది. నేను ఎడంచేత్తో నైటీ మీద నుంచి సంచీని పట్టుకుని, కుడిచేత్తో ముద్ద కలుపుతున్నాను. మొదటి ముద్ద ఇంకా గొంతు దిగనేలేదు, ఎడంచేతి కింద అప్పుడే వెచ్చగా అయింది.